సాఫ్ అయిన గీత

మా ఆఫీసు సెల్లార్‌లో ఒక పసుపుపచ్చ కారు ఉంటుంది. పదకొండో అంతస్తులో ఏదో కంపెనీ పెద్దాయనది. నా నడుము ఎత్తు కూడా ఉండదు. నెలకోసారి బయటికి తీస్తారు. తీసినప్పుడల్లా ర్యాంప్ చివర ఉన్న స్పీడ్ బ్రేకర్ దాటించడానికి ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు చెక్కపలకలు మోసుకొచ్చి చక్రాల ముందు పరుస్తారు. లేకపోతే దాని పొట్ట నేలకి గీసుకుంటుంది. ఆ కాసేపూ వెనకాల స్కూటర్ల మీద మేమందరం ఆగిపోవాల్సిందే. ఎవరూ విసుక్కోరు. ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటారు. విసుక్కునేది నేనొక్కదాన్నే.

ఒకరోజు ఆ పలకలు మోసే సెక్యూరిటీ ఆయన నా స్కూటర్ దగ్గర ఆగాడు. సిద్దిపేట వైపు మనిషి. నేను కార్ల పని చేస్తానని ఎవరో చెప్పారట.

"మా అసొంటోళ్లకు అగ్గువల గిసొంటిది ఒకటి చేయరాదా మేడం?" అన్నాడు.

ఆయన వేళాకోళానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అగ్గువ అంటే ఇక్కడ చవక. చవక కారు ఆ పసుపుపచ్చ కారులా ఎందుకుండదో చెప్పగలిగినవాళ్ళు ఆ బిల్డింగులో ఎవరైనా ఉంటే అది నేనే. కానీ నవ్వేసి స్కూటర్ స్టార్ట్ చేశాను. ఆ జవాబు చెప్పబోయినప్పుడల్లా నాకొక డోర్ గుర్తొస్తుంది. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు ముందు, ఎండలో, గోడకి ఆనించి పెట్టిన కారు డోర్.

ముందు నా పనేమిటో చెప్పాలి. నేను కార్లు చేయను, కార్ల చర్మం చేస్తాను. సముద్రం అవతల ఒక కంపెనీలో బొమ్మలు గీసేవాళ్ళుంటారు. వాళ్ళు గీసిన బొమ్మని హైటెక్ సిటీలో మా టీమ్ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫ్యాక్టరీలో ఇనుప రేకు ఏ వంపు దగ్గర ఎంత తిరగాలో తేలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే సాఫ్ట్‌వేర్ అని చెప్పేస్తాను. కాకినాడ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడిన మా చుట్టాలందరికీ ఆ మాటతో పని జరిగిపోతుంది.

ఆ ఏడు మాకు ఒక చిన్న కారు పని వచ్చింది. మామూలు జనం కొనుక్కునే కారు. దాని మొదటి బొమ్మ చూసి టీమ్ అంతా కుర్చీల్లోంచి లేచారు. నేను లేవలేదు. ఏ చిన్న కారైనా మొదటిరోజు కాగితం మీద అలాగే ఉంటుంది. నేలకి అతుక్కుని, పెద్ద పెద్ద చక్రాలతో, పక్కనుంచి గాలి మింగుతూ. రోడ్డు మీదికి వచ్చేసరికి బ్రెడ్డు ముక్కలా తయారవుతుంది. చూసినవాళ్ళు ఆ కంపెనీవాళ్ళకి కళాపోసన లేదంటారు. ఉంటుందండీ బాబూ. మొదటిరోజు అందరికీ ఉంటుంది.

పసుపుపచ్చ కారులో కూర్చునేది ఇద్దరు. వాళ్ళు కూర్చోరు, దాదాపు పడుకుంటారు. ఇంజన్ వాళ్ళ వీపు వెనక ఉంటుంది, కాబట్టి ముందు భాగం ఎంత కిందికి వంచినా అడ్డేమీ ఉండదు. మా చిన్న కారుకి ఇంజన్ ముందే ఉండాలి. వెనక మనుషులుండాలి. కాగితం ప్రకారం అయిదుగురు, వాస్తవంలో ఒళ్ళో ఒక పిల్లాడు, కాళ్ళ దగ్గర ఒక బియ్యం బస్తా. ప్రతి కారుకీ నేను మనసులో మా మేనత్తని ఎక్కిస్తాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని, తలలో పూలదండ నలగకుండా, "అమ్మయ్యా" అనుకుంటూ ఎక్కాలి. ఆవిడ ఎక్కాలంటే పైకప్పు ఇంత ఎత్తుండాలి, సీటు ఇంత ఎత్తుండాలి. అక్కడితో సగం అందం పోతుంది. మిగతా సగం మియాపూర్ రోడ్డు మీద వాననీళ్ళు నిలిచిన గుంటలు తీసేస్తాయి. కారు పొట్ట ఆ నీళ్ళకి అందకూడదు మరి.

అయినా ఆ బొమ్మలో ఒకటి మాత్రం అంత తేలిగ్గా పోలేదు. రెండు డోర్ల మీదుగా పక్కన లోపలికి నొక్కిన ఒక పెద్ద గుంట. సముద్రం అవతలివాళ్ళు దాని మీద మనసు పారేసుకున్నారు. కంప్యూటర్‌లో చూస్తే చాలదు, నిజమైన రేకులో చూడాలన్నారు. ఒక్క నమూనా కోసం ఫ్యాక్టరీ అచ్చు ఎవరూ చేయించరు. చేత్తో కొట్టే మనిషి కావాలి. అలా వెతుక్కుంటూ బాలానగర్ వెళ్ళాను. అక్కడ పాత ఫ్యాక్టరీల మధ్య గల్లీలో రేకు పని చేసే ఒక మేస్త్రీ షెడ్డు దొరికింది.

మేస్త్రీకి అప్పటికే అరవై దాటాయి. మెదక్ దగ్గర పల్లె. చిన్నప్పుడే వచ్చి బస్సులకి రేకులు కొట్టడం నేర్చుకున్నాడట. సన్నటి మనిషి, చేతులు మాత్రం ఒంటికి సంబంధం లేనంత పెద్దవి. ఒక చెక్క సుత్తి, ఒక ఇసుక సంచి, నాలుగైదు ఇనుప దిమ్మలు, అంతే ఆయన సామాను. నాలుగు దెబ్బలు కొట్టి, సుత్తి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని ఎడమ అరచేత్తో రేకుని నిమిరేవాడు. మళ్ళీ నాలుగు దెబ్బలు. కళ్ళతో చూడడం చాలా తక్కువ.

నేనిచ్చిన కాగితాలు తిరగేసి, ఆ గుంట ఎందుకని అడిగాడు. గాలి లోపలికి పోవడానికన్నాను. లోపల ఏముంటుందన్నాడు. వెనక సీటు అన్నాను. సీటుకి గాలెందుకని అడిగాడు. ఖరీదైన కార్లలో అక్కడ ఇంజన్ ఉంటుందనీ, దానికి గాలి కావాలనీ, చూడడానికి అలా ఉండాలని మేమూ పెడుతున్నామనీ చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది.

"అంటే లేని ఇంజన్‌కు ముక్కు పెడుతున్నరు," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కాగితాన్ని మళ్ళీ చాలాసేపు చూశాడు. రేకు కూడా అంత లోతుకి ఒప్పుకోదనీ, కొట్టి కొట్టి తాను ఎలాగో దింపినా రేపు ఫ్యాక్టరీలో మిషన్ ఒక్క దెబ్బకి దింపబోతే మూల దగ్గర చిరుగుతుందనీ చెప్పాడు. మా కంప్యూటర్‌ని అడిగితే ఆ మాట చెప్పడానికి మూడు నెలలు పట్టేది.

రెండు వారాలకి డోర్ తయారైందని కబురు చేశాడు. ముందు చక్రం నుంచి వెనక హ్యాండిల్ దాకా పక్కనంతా ఒకే రేకులో కొట్టిన నమూనా అది, మాటకి డోర్ అనేవాళ్ళం. వెళ్ళి చూస్తే గుంట లేదు. దాని బదులు ఒక గీత ఉంది. ముందు చక్రం వెనక కింద మొదలై, రెండు డోర్ల మీదుగా సాగి, వెనక హ్యాండిల్ దగ్గర బొటనవేలి మందం పైకి లేచి ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితంలో ఉన్నది చేయాలి కానీ సొంత తెలివి ఎవరు చూపించమన్నారని కేకలేశాను. ఆయన డోర్‌ని ఎత్తి బయట ఎండలో గోడకి ఆనించాడు.

"కండ్లు మూసుకొని చెయ్యి పెట్టు బిడ్డా," అన్నాడు.

అప్పటిదాకా మేడం అనే పిలిచాడు, మీరనే అన్నాడు. ఆ పూట మొదటిసారి బిడ్డా అన్నాడు. కోపంగానే చెయ్యి పెట్టాను. ముందు వైపు నుంచి వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాను. రేకు చదునుగా ఉన్నట్టే ఉండి, హ్యాండిల్ దగ్గరికి వచ్చేసరికి అరచేతి కింద ఎవరో ఊపిరి తీసుకున్నట్టు మెల్లగా పైకి లేచింది. ఏళ్ళ తరబడి వంపులతోనే బతుకుతున్నదాన్ని, ఒక్క వంపునీ ముట్టుకోలేదని ఆరోజే నాకు తట్టింది. ఏడుపొచ్చింది కూడా. దుమ్ము పడిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి ఆయన కూడా ఒకసారి నిమిరాడు. "సాఫ్ వచ్చింది," అన్నాడు.

ఆ షెడ్డులో సాఫ్ అన్నదే పెద్ద మెప్పు. బాగుందనీ అద్భుతమనీ ఆయన ఎప్పుడూ అనగా వినలేదు. ఎక్కడా సొట్ట లేదు, ముడత లేదు, చెయ్యి ఎక్కడా ఆగడం లేదు, ఇంక చేయాల్సిందేమీ లేదు అని దానర్థం. చాలా పనుల్ని ఆయన ఆ మాట అనకుండానే పంపించేసేవాడట. మా ఆఫీసులోనూ సాఫ్ అనే మాట ఉంది. టీమ్‌లో సగం మంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు. మా దగ్గర సాఫ్ అంటే తీసేశాం అని. ఫలానా బ్రాకెట్ ఏమైంది అంటే సాఫ్ అంటారు. చీపురుతో ఊడ్చేసినట్టు. బాలానగర్‌కీ హైటెక్ సిటీకీ మధ్య పెద్ద దూరం లేదు. ఒకే మాట అక్కడ ఒక రకంగా, ఇక్కడ ఒక రకంగా బతుకుతోంది. అప్పట్లో అది నాకు తమాషాగా ఉండేది.

అవతలివాళ్ళకి ఆ గీత నచ్చింది. ఎంత నచ్చిందంటే, డోర్ మొత్తాన్ని కొలిపించి, చేత్తో కొట్టిన ఆ వంపుని అలాగే కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నారు. మా ఫైళ్ళలో దానికి ఇంగ్లీషు పేరేదో ఉండేది కానీ అందరం మేస్త్రీ గీత అనే అనేవాళ్ళం. ఆ సంగతి చెప్పడానికి నేనే బాలానగర్ వెళ్ళాను. మేస్త్రీ నన్ను గల్లీ చివర చాయ్ కొట్టుకి తీసుకెళ్ళి, అక్కడున్నవాళ్ళందరికీ నన్ను చూపించి, "మా పెద్దబిడ్డ. కంప్యూటర్ల కార్లు చేస్తది. నా గీత కారు మీదికి ఎక్కిస్తున్నది," అన్నాడు. నేను కాదనలేదు. నాకూ గర్వంగానే ఉంది.

ఆయనకి కావలసింది అదొక్కటే. ఆ తర్వాత ఆ షెడ్డులో కూర్చున్నప్పుడు ఒకటి రెండుసార్లు అన్నాడు. జిందగీ అంతా ఎవరో గుద్దుకున్న కార్లకి సొట్టలు తీశాడట. ఎంత బాగా తీస్తే ఆ పని అంత కనబడకుండా పోతుంది. తన చెయ్యి పడిందని తెలిసేలా రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఇప్పుడొకటి ఉంటుంది. వేల బండ్ల మీద, ఊరూరా.

తర్వాత మెయిళ్ళు మొదలయ్యాయి.

అచ్చులు చేసేవాళ్ళు, గీత పైకి లేచే చోట రేకు చిరుగుతోందన్నారు. కంప్యూటర్ తెర మీద సరిగ్గా ఆ బొటనవేలి మందం దగ్గరే ఎర్రగా చూపించింది. రేకుని రెండు దెబ్బలుగా కొడితే చిరగదు. కానీ లక్షల కార్లకి ఒక్కో దెబ్బ ఎక్కువ కొట్టడమంటే ఆ కారు చవక కారు కాకుండా పోతుంది. సెల్లార్‌లో పసుపుపచ్చ కారుకి ఆ బాధ లేదు. దాని ఒళ్ళు రేకు కాదు, కార్బన్ నారతో నేసిన గుడ్డ. దాన్ని కొద్దిమంది కూర్చుని అచ్చులో పొరలు పొరలుగా చేత్తో పరుస్తారు, ఎన్ని రోజులైనా పరుస్తారు. నేను మేస్త్రీ గీతని కొద్దిగా కిందికి దించాను. తర్వాత కిటికీ అద్దం వాళ్ళు వచ్చారు. గీత లోపలికి నొక్కిన చోట, కిందికి దిగే అద్దం లోపల రేకుకి తగులుతోందన్నారు. ఇంకొంచెం తగ్గించాను. పక్క నుంచి ఎవరైనా గుద్దితే కాపాడటానికి డోర్ లోపల ఒక ఇనుప కడ్డీ ఉండాలి, దానికి చోటు కావాలన్నారు. అదీ న్యాయమే. ఇంకొంచెం. చివరికి సర్వీసు వాళ్ళ వంతు. చిన్న ఊళ్ళలో సొట్ట పడితే అక్కడి మెకానిక్‌కి ఈ గీత మళ్ళీ తీయడం చేతకాదు, అందుకని ఉన్న కాస్తా కూడా వద్దన్నారు. సొట్టలు తీసేవాళ్ళ మేలు కోరి, సొట్టలు తీసే మనిషి గీసిన గీతని తీసేయమన్నారు. ఆ మెయిల్ చదివి గట్టిగా నవ్వితే పక్కవాళ్ళు తిరిగి చూశారు.

నాకు కడుపు మండేది ఏమిటంటే, వాళ్ళలో ఒక్కరిదీ తప్పు కాదు. ఎవరినైనా తిట్టుకుందామంటే ఒక్క దుర్మార్గుడూ దొరకలేదు. ప్రతి కారణం వెనకా ఒక మనిషి ఉన్నాడు. డబ్బులు చాలనివాడు, ఎండకి అద్దం దించుకోవాలనుకునేవాడు, గుద్దుకుంటే బతకాల్సినవాడు. వాళ్ళందరి కోసం ఒక గీత పోతే ఏం పోయింది? ఏమీ పోలేదు. ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, కుర్చీలో కూర్చుని, మిగిలిన కాస్తంత వంపునీ లాగి చదును చేసేశాను. చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు. పక్క సీటు కుర్రాడు తొంగిచూసి, లైన్ సాఫా మేడం అని అడిగాడు. సాఫ్ అన్నాను.

అది మరుసటి వారం. జేఎన్‌టీయూ దగ్గర సిగ్నల్‌లో ఉండగా మేస్త్రీ ఫోన్ చేశాడు. స్కూటర్ పక్కకి తీశాను. చుట్టూ హారన్లు.

"బిడ్డా, మన గీత ఏమాయె?" అన్నాడు.

చెప్పాలనే అనుకున్నాను. ప్రమాణం చేసి చెబుతాను, ఆ క్షణంలో చెప్పాలనే ఉంది. నోట్లోంచి తీసేశామనే మాట రాలేదు. తీసేశాను అనే మాట అసలే రాలేదు. ఆఫీసులో అలవాటైన మాట వచ్చింది.

"సాఫ్ అయిపోయింది మేస్త్రీ గారూ," అన్నాను.

"సాఫ్ అయిందా!" అన్నాడు. ఆ గొంతులో సంతోషం నాకిప్పటికీ వినిపిస్తుంది. "ఇన్ని దినాలు ఫికర్ చేస్తుంటి బిడ్డా. రేకు ఒప్పుకుంటదో లేదోనని."

అప్పుడు అర్థమైంది ఆయన ఏం విన్నాడో. సరిదిద్దడానికి ఒక్క వాక్యం చాలు. ఆయన తన భార్యని కేకేసి, గీత సాఫ్ వచ్చిందటనే అని చెప్పడం ఫోన్‌లో వినపడింది. ట్రాఫిక్‌లో ఉన్నాను, మళ్ళీ చేస్తానన్నాను.

మళ్ళీ చేయలేదు. పొరపాటున నోరు జారిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమిటంటే, ఆ మాట అంటున్నప్పుడే అది రెండు వైపులా తిరుగుతుందని నాలో ఎక్కడో తెలుసు. తెలిసే అన్నాను. పిరికిదాన్ని. బాలానగర్ వైపు వెళ్ళడం మానేశాను. మెట్రోలో అమీర్‌పేట వెళ్ళాల్సి వస్తే బాలానగర్ స్టేషన్ దగ్గర ఫోన్‌లోకి తల దూర్చుకునేదాన్ని.

కారు వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. మంచి కారే. ఏడాది తిరక్కుండా క్యాబులన్నీ అవే అయ్యాయి. సైబర్ టవర్స్ దగ్గర సిగ్నల్ పడితే నా స్కూటర్‌కి అటొకటి ఇటొకటి ఆగేవి. తెల్లటి డోర్లు. హ్యాండిల్ పక్కన గీత లేవాల్సిన చోటుకి నా చూపు దానంతటదే పోయేది. అక్కడ ఏమీ ఉండేది కాదు. ఏమీ లేనిచోటుని నేనొక్కదాన్నే చూస్తున్నానని అనిపించేది.

మేస్త్రీ కబురు ఆయన కూతురే చెప్పింది. మా పక్క టవర్‌లో హౌస్‌కీపింగ్‌లో పని చేస్తుంది. షెడ్డుకి అన్నం తెచ్చినప్పుడు నన్ను చూసి ఉంది. ఒక మధ్యాహ్నం క్యాంటీన్ బయట గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. వాళ్ళ నాయినకి షుగర్ కళ్ళకెక్కిందట. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో దానిలో వెలుతురూ చీకటీ తప్ప తెలియడం లేదు. షెడ్డు మూసేశారు. పెద్ద కళ్ళ దవాఖానలో చూపిద్దామంటే అక్కడి కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, జర తోడు రాగలవా అక్కా అని అడిగింది.

వస్తానన్నాను. ఆ అమ్మాయి వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పింది. నెల కిందట చాయ్ కొట్టు దగ్గర గొడవైందట. ఎవరో ఆ కారు డోర్ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని, నీ గీత ఏది పెద్దమనిషీ, ఇక్కడేమీ లేదని నవ్వారట. ఈయన ఊరుకోలేదు. అది కళ్ళకి కనబడేది కాదు, చెయ్యి పెడితే ఎరుకైతదని వాదించాడట. మా పెద్దబిడ్డ స్వయంగా చెప్పింది, ఆ బిడ్డ అబద్ధమాడదని అరిచాడట. అప్పట్నుంచీ ఆ కొట్టుకి పోవడం మానేశాడు.

"గీత ఉన్నది గదా అక్కా?" అని అడిగింది.

లిఫ్ట్ వచ్చిందని చెప్పి తప్పించుకున్నాను. ఆ వారమంతా ఆలోచించాను. డాక్టర్ చూశాక, ఆయన్ని ఇంటికి తీసుకొచ్చి, పక్కన కూర్చుని చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. నన్ను తిట్టినా పడదామనుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే వాళ్ళ గల్లీకి వెళ్ళాను. మేస్త్రీ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని గడప మీద కూర్చున్నాడు. నా గొంతు వినగానే, "వచ్చినవా బిడ్డా," అని చెయ్యి చాచాడు. ఆ పెద్ద చేతిలో నా చెయ్యి పెట్టి, క్యాబ్ కోసం ఫోన్ తీశాను. యాప్‌లో మా చిన్న కారే వచ్చింది. డ్రైవర్ దూరంగా ఉన్నాడని వాళ్ళతో చెప్పి రద్దు చేశాను. రెండోది బుక్ చేస్తే అదీ ఆ కారే. సగం ఊరు అదే నడుపుతుంటే ఇంకేం వస్తుంది? డాక్టర్ ఇచ్చిన టైము దాటిపోతోందని కూతురు తొందరపడుతోంది. బండి గల్లీలోకి వచ్చేసింది.

ఆయన్ని గబగబా ఎక్కించేద్దామనుకున్నాను. డోర్ తెరవడానికి నేను అటు తిరిగేలోపే ఆయన చెయ్యి చాచి బండిని తడుముకున్నాడు. ముందు రేకు మీద అరచెయ్యి ఆగింది. ఏం బండి తమ్మీ అని డ్రైవర్‌ని అడిగాడు. డ్రైవర్ పేరు చెప్పాడు.

మేస్త్రీ ముఖం వెలిగింది. పక్కకి తిరిగి కూతురితో, ఇగ చూడు అన్నట్టు తలాడించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎలాగూ కనబడని కళ్ళు, అయినా మూసుకున్నాడు. ముందు చక్రం వెనక కింద మొదలుపెట్టి, అరచేతిని వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాడు. ముందు డోర్ అయింది. వెనక డోర్ అయింది. హ్యాండిల్ దగ్గర బొటనవేలు ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చి, ఈసారి ఇంకా మెల్లగా వెళ్ళాడు. హ్యాండిల్ దగ్గర మళ్ళీ ఆగాడు. పైకీ కిందికీ వెతికాడు.

"సాఫ్ ఉన్నది," అన్నాడు.

తర్వాత తానే హ్యాండిల్ పట్టుకుని డోర్ తీశాడు. తల వంచాల్సిన అవసరం లేకుండా, మోకాలు పెద్దగా ఎత్తకుండా, సుఖంగా ఎక్కి కూర్చున్నాడు. ఆ పైకప్పు ఎత్తు నేను పోట్లాడి నిలబెట్టిందే. కూతురు ముందు సీట్లో కూర్చుంది. నేను ఆయన పక్కన కూర్చున్నాను. బండి ఫ్లైఓవర్ ఎక్కింది. అప్పుడిక ఆగలేక, ఆ గీత తీసేసింది నేనే మేస్త్రీ గారూ అన్నాను. రేకు చిరగడం, అద్దం తగలడం, ఇనుప కడ్డీ, అన్నీ గబగబా చెప్పుకొచ్చాను.

"ఎందుకు తీసిన్రని అడుగుతలేను," అన్నాడు చివరికి. "రేకు ఒప్పుకోకపోతే తీస్తరు. నాకు ఎరుకలేదా. అప్పుడే ఒక్క మాట చెప్పకపోతిరి."

తిట్టలేదు. గొంతు పెంచలేదు. చెప్పకపోతివి అనకుండా చెప్పకపోతిరి అన్నాడు. లేని ఇంజన్‌కి ముక్కు ఎందుకని అడిగిన మనిషికి, మూల దగ్గర రేకు చిరుగుతుందని అందరికన్నా ముందు చెప్పిన మనిషికి, నేను చెప్పి ఉంటే ఎంతసేపట్లో అర్థమయ్యేది? ఈ ఊళ్ళో ఆ కారణాలన్నీ వినగానే తల ఊపగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆయనొక్కడికే చెప్పలేదు. ముందు సీట్లో కూతురు వెనక్కి తిరగలేదు.

దవాఖానలో కౌంటర్ అమ్మాయి నా చేతికి ఫారం ఇచ్చింది. పేరు, వయసు, ఊరు అడిగి నింపాను. పేషెంట్‌కి మీరేమవుతారని అడిగింది. నేను తలెత్తాను. పక్కన కుర్చీలో మేస్త్రీ రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించుకుని కూర్చున్నాడు.

"నాకేం కారు," అన్నాడు, ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి. "ఆఫీసు మేడం."

పెన్ను నా చేతిలోనే ఉంది. అదే రాశాను.